దసరా సెలవుల్లో ఢిల్లీ: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి

పిల్లలతో ఢిల్లీ వెళ్లాలనుకుంటే ముందుగా క్యాలెండరు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. మన బడి సెలవులకూ ఢిల్లీ వాతావరణానికీ బొత్తిగా పొసగదు. వేసవి సెలవుల్లో అక్కడ ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ ఎండలో, కాలిన రాతి నేల మీద చిన్నపిల్లలను నడిపించడం అయ్యే పని కాదు. సంక్రాంతికి వెళ్దామంటే ఉత్తరాది అంతటా పొగమంచు కమ్ముకుని ఉంటుంది, రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా నడుస్తాయి. దీపావళి దగ్గర పడ్డప్పటి నుంచి నవంబరు అంతా గాలి పాడైపోతుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో ఆ నెల ఊసే ఎత్తకూడదు. ఇవన్నీ పక్కన పెడితే మిగిలేది దసరా. సెప్టెంబరు చివరలో ఉక్కగా ఉంటుంది, మధ్యాహ్నం చెమటలు పడతాయి. కానీ వానలు అప్పుడే వెనక్కి తగ్గి చెట్లన్నీ పచ్చగా, ఆకాశం తేటగా ఉంటుంది.

మాది హనుమకొండ. దసరా అంటే మాకు ముందు బతుకమ్మ. ప్రయాణం మాట ఎత్తగానే అత్తయ్య ఒకటే షరతు పెట్టారు. "ఎంగిలిపూల బతుకమ్మ ఇక్కడ ఆడి బయల్దేరతాను, సద్దుల నాటికి మళ్లీ ఇక్కడే ఉండాలి. మధ్యలో ఎక్కడికి తిప్పుతారో మీ ఇష్టం" అన్నారు. ఆ షరతు వల్ల మాకు మేలే జరిగింది. రాకపోకల తేదీలు కచ్చితంగా తేలిపోయాయి, "ఇంకొక్క చోటు, ఇంకొక్క ఊరు" అనే బేరాలకు తావు లేకుండా పోయింది.

రైలు టిక్కెట్ల బుకింగు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులుండేది, చాలామంది ఇంకా ఆ లెక్కలోనే ఉన్నారు. దసరా రద్దీలో బుకింగు తెరిచిన రోజునే కూర్చోవాలి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున కాజీపేటలో ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దింపుతుంది. ఐదేళ్లు నిండని పిల్లలకు టిక్కెట్ లేదు, బెర్తూ ఉండదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి విడిగా బెర్తు కావాలంటే పెద్దల చార్జీ అంతా కట్టాలి. మా బాబుకు నాలుగేళ్లు, పాప ఐదో తరగతి. అందుకని పాపకు బెర్తు తీసుకున్నాం, బాబు నా పక్కన సర్దుకున్నాడు. విమానంలో రెండు గంటల్లో వెళ్లిపోవచ్చు కదా అని మా ఆడపడుచు అడిగింది. గోదావరి వంతెన, బల్లార్షా దగ్గరి అడవులు, నాగపూర్‌లో దిగి చేతులు చాపుకునే ఆ కాస్త సమయం, ఆ తర్వాత పొలాల రంగు మారిపోవడం, ఇవన్నీ పిల్లలు కిటికీలోంచి చూడాలని నా కోరిక. దేశం ఎంత పెద్దదో వాళ్లకు తెలిసేది అలాగే.

ఇక ఏమేం చూడాలన్నది. చుట్టాలందరూ తలా ఒక జాబితా ఇచ్చారు. అన్నీ కలిపితే నెల రోజులు చాలవు. ఒక సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్క చోటు మాత్రమే అడగాలని నిర్ణయించాం. ఎవరు అడిగిన చోటు వారిది, మిగతావాళ్లు సంతోషంగా వెంట వెళ్లాలి. బాబు రైళ్ల మ్యూజియం అన్నాడు. పాప హుమాయూన్ సమాధి అంది. వాళ్ల సాంఘిక శాస్త్రం టీచరు దాని బొమ్మ చూపించారట. మావారు యుద్ధ స్మారకం అడిగారు. అత్తయ్య అక్షరధామ్ గుడి అన్నారు. నేను తీతర్‌పూర్ అన్నాను, దాని సంగతి తర్వాత చెబుతాను. ఈ ఐదింటి చుట్టూనే మిగతావి అమరాయి.

రోజుకు రెండే చోట్లు. పొద్దున ఎండ ముదరక ముందు ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో గదికి వచ్చి భోజనం, నిద్ర. పిల్లలున్న వారికి నేను గట్టిగా చెప్పే మాట ఏదైనా ఉంటే ఇదే. నాలుగేళ్లవాడు మధ్యాహ్నం నిద్రపోకపోతే సాయంత్రం ఐదింటికి ఏడుపు లంకించుకుంటాడు. అప్పుడు తాన్సేన్ వచ్చి పాడినా వినడు. అత్తయ్య మోకాళ్లకూ ఆ విరామం కావాలి. మధ్యాహ్నం పడుకున్న కుటుంబమే రాత్రి ఎనిమిదింటికి ఇండియా గేట్ దగ్గర నవ్వుతూ తిరగగలుగుతుంది.

మధ్యాహ్నం గదికి రావాలంటే గది దగ్గరగా ఉండాలి. మేం కరోల్‌బాగ్‌లో, మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో తీసుకున్నాం. అది నీలం లైను. అక్షరధామ్, సుప్రీంకోర్టు, మండీ హౌస్, రాజీవ్ చౌక్, ఇటువైపు టాగోర్ గార్డెన్, అన్నీ ఆ లైను మీదే ఉన్నాయి, రైలు మారే పని లేదు. అక్షరధామ్ వెళ్లేటప్పుడు మాత్రం నోయిడా వైపు వెళ్లే రైలే ఎక్కాలి. యమునా బ్యాంక్ దగ్గర దారి రెండుగా చీలిపోయి, రెండోది వైశాలి వెళ్తుంది.

2002 డిసెంబరులో మొదలైన ఢిల్లీ మెట్రోయే మా బాబుకు అసలు ఢిల్లీ. కరోల్‌బాగ్‌లో ఇళ్ల మేడల ఎత్తున వచ్చే రైలు ఆర్.కె. ఆశ్రమ్ దాటగానే ముక్కు కిందికి వంచి భూమిలోకి దిగిపోతుంది. రాజీవ్ చౌక్, మండీ హౌస్ చీకట్లో దాటి మళ్లీ పైకి తేలి యమున మీదుగా వెళ్తుంది. దిగుతున్నప్పుడు కిటికీ నల్లబడి అందులో వాడి ముఖమే వాడికి కనిపించేది. "ఇప్పుడు పాతాళం" అని పెద్దగా చెప్పేవాడు. రెండో రోజుకల్లా తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో చెప్పే హిందీ ప్రకటన కంఠతా వచ్చేసింది. "దర్వాజే బాయీ ఓర్ ఖులేంగే" అని ఆ గొంతులోని సాగదీతతో సహా అనేవాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు ప్రతి స్టేషన్‌లోనూ వాడి చేత చెప్పించుకుని మురిసిపోయారు.

మెట్రోలో పిల్లలతో పాటించాల్సినవి రెండు మూడు ఉన్నాయి. 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టిక్కెట్ అక్కర్లేదు, అంతకు మించితే మనిషికొక టిక్కెట్టో కార్డో ఉండాలి. భద్రతా తనిఖీ దగ్గర ఆడవాళ్ల వరుస, మగవాళ్ల వరుస వేరు. ఎవరి వెంట ఏ పిల్లలు వెళ్లాలో ముందే అనుకోవాలి. రాజీవ్ చౌక్‌లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు కాలు పెట్టే చోటుండదు, ఆ వేళ పిల్లలతో అక్కడ రైలు మారకపోవడమే మంచిది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరైనా ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతే ఏం చేయాలన్నది. ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఆగాలి. మిగిలినవాళ్లు తర్వాతి రైల్లో అక్కడికి రావాలి. దీన్ని ఇంట్లోనే పిల్లల చేత రెండుసార్లు చెప్పించాను. ఇద్దరి జేబుల్లోనూ హోటల్ పేరు, మా ఫోను నంబర్లు హిందీలో రాసిన చీటీ పెట్టాను. అత్తయ్య కొంగుకు కూడా ఒకటి ముడివేశాను.

సోమవారాన్ని మర్చిపోకూడదు. రైళ్ల మ్యూజియం, ఎర్రకోట, జాతీయ మ్యూజియం, అక్షరధామ్, లోటస్ టెంపుల్, బొమ్మల మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ, అన్నీ ఆ రోజు మూసే ఉంటాయి. జంతు ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. హుమాయూన్ సమాధి, కుతుబ్ మినార్ మాత్రం సోమవారం కూడా తెరిచే ఉంటాయి, అందుకే మా సోమవారాన్ని హుమాయూన్‌కు ఇచ్చాం. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టిక్కెట్ లేదు.

చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం 1977లో తెరిచారు. ఆరుబయట ఇంజన్లు, రాజుల పెట్టెలు నిలిపి ఉంటాయి, చుట్టూ తిప్పే చిన్న రైలు ఉంది. మా వాళ్లు ఎక్కువసేపు నిలబడింది పటియాలా సంస్థానం వారి ఏకపట్టా రైలు దగ్గర. 1907 నాటిది. ఒక పట్టా మీద బరువంతా మోసే చక్రాలు, పడిపోకుండా పక్కన రోడ్డు మీద దొర్లే పెద్ద చక్రం ఒకటి. పాప కింద కూర్చుని ఆ పక్క చక్రం తీసేస్తే ఎటు ఒరుగుతుందో తమ్ముడికి చేతులతో చూపించింది. లోపల 1894లో రైలును ఢీకొన్న ఒక ఏనుగు పుర్రె ఉంది. దాని ముందు బాబు చాలాసేపు మాట్లాడలేదు. "ఏనుగుకు రైలంటే కోపమా" అని బయటికొచ్చాక అడిగాడు. దాని అడవిలోంచి రైలు వెళ్లింది కదా అన్నారు అత్తయ్య.

హుమాయూన్ సమాధికి వెళ్లేవారు తిన్నగా పెద్ద గుమ్మటం వైపు నడిచిపోవద్దు. లోపలికి రాగానే కుడి చేతి వైపు ఇసాఖాన్ సమాధి ఉంది. 1547లో కట్టారు, హుమాయూన్ సమాధి కంటే దాదాపు ఇరవై ఏళ్లు ముందు. ఎనిమిది పలకల కట్టడం, చుట్టూ ఎనిమిది పలకల ప్రహరీ. అంచుల్లో అక్కడక్కడా నీలం పెంకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. పాప ఒక్కో పలకనూ చేత్తో తడుతూ చుట్టూ తిరిగి ఎనిమిది లెక్కపెట్టింది. అప్పుడు తనకు నేను దాచిపెట్టుకున్న కథ చెప్పాను.

1323లో మన ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడు. అదే ఓటమి తర్వాత కాకతీయుల సేనాని ఒకరు ఢిల్లీ చేరి, మతం మారి, మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఆయన గన్నమ నాయకుడేనని చరిత్రకారులు గుర్తించారు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ఆయన రాజ్యమంతటికీ వజీరు. ఆయనకు చదవడం, రాయడం రావని ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు, అయినా సుల్తాను దండయాత్రలకు వెళ్తే ఢిల్లీని నడిపింది ఆయనే. ఖాన్-ఇ-జహాన్ తిలంగానీ అని పిలిచేవారు. తెలంగాణవాడు అని ఆయన పేరులోనే ఉంది. ఆయన సమాధి అక్కడికి రోడ్డు అవతలే, నిజాముద్దీన్ బస్తీ సందుల్లో, ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఢిల్లీలో ఎనిమిది పలకలుగా కట్టిన తొలి సమాధి అదే. ఇసాఖాన్ సమాధి ఆ దారిలోనే దాదాపు రెండు శతాబ్దాల తర్వాత వచ్చింది.

"అంటే మన వరంగల్ ఆయనదే ముందా?" అని పాప మళ్లీ ఒక చుట్టు తిరిగి వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో ప్రతాపరుద్రుడి ఓటమితో కథ ఆగిపోతుంది. ఆ తర్వాత ఓరుగల్లు మనిషి ఒకరు అక్కడ ఏమయ్యాడో మన పిల్లలకు తెలియాలని నాకు బలంగా అనిపిస్తుంది. ఢిల్లీ వెళ్లే ప్రతి తెలుగు కుటుంబమూ ఈ పేరు పిల్లలకు చెప్పాలి. బస్తీ సందులు ఇరుకు, జనసమ్మర్దం, అత్తయ్యనూ బాబునూ తీసుకుని అటు వెళ్లలేదు. పాప కాస్త ఎదిగాక తనతో వెళ్తాను.

పెద్ద సమాధి గురించి ఎక్కువ చెప్పను, చూడాల్సిందే. ఎర్ర రాయి, తెల్ల పాలరాయి, నాలుగు భాగాల తోట, సన్నటి నీటి కాలువలు. తాజ్‌మహల్‌కు అరవై ఏళ్ల ముందే ఆ అందం ఇక్కడ పుట్టింది. 1857లో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ వచ్చి తలదాచుకున్నదీ, బ్రిటిషువారికి పట్టుబడిందీ ఇక్కడే. పక్కనే 2018లో తెరిచిన సుందర్ నర్సరీ ఉంది, తొంభై ఎకరాల తోట. ఆ రోజు మధ్యాహ్నం గదికి రాలేదు. చాప పరిచి, డబ్బాల్లో తెచ్చుకున్నది తిని, చెట్టు కిందే పడుకున్నాం. పిల్లలున్న వారికి ఢిల్లీలో ఒకే ఒక్క పూట ఉంటే నేను ఈ రెండింటినే చూడమంటాను.

ఎర్రకోట లోపలికి వెళ్లలేదు. పెద్దది, నడక ఎక్కువ, చిన్నపిల్లలకు లోపల పట్టుకుని చూసేదేమీ ఉండదు. కుతుబ్ మినార్ అలా కాదు. 72.5 మీటర్ల మినారు పక్క నుంచే విమానాశ్రయానికి దిగే విమానాలు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటాయి. బాబు మినారును వదిలేసి వాటినే చూశాడు, చూడనిచ్చాం. పాపకు అక్కడి ఇనుప స్తంభం కథ నచ్చింది. గుప్తుల కాలం నుంచి వానలో తడుస్తున్నా తుప్పు పట్టి పోకపోవడానికి ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం, దానివల్ల పైన పలుచటి రక్షణ పొర ఏర్పడటం కారణం.

మావారు అడిగిన జాతీయ యుద్ధ స్మారకం ఇండియా గేట్ వెనకే ఉంది. 2019 ఫిబ్రవరిలో ప్రారంభించారు, ప్రవేశం ఉచితం. చక్రవ్యూహం నమూనాలో వలయాలుగా కట్టారు. గ్రానైట్ పలకల మీద ఒక్కో సైనికుడి పేరూ చెక్కి ఉంది. సాయంత్రం దీపాలు వెలిగాక వెళ్లాలి. వలయాల మధ్య నడుస్తూ అత్తయ్య పిల్లలకు అభిమన్యుడి కథ మొదలుపెట్టారు. పక్కన నడుస్తున్న మావారు గోడల మీద మన తెలుగు పేర్లు వెతికి పాప చేత చదివించారు.

అక్కడికి దగ్గర్లోనే హైదరాబాద్ హౌస్. ఏడో నిజాం కోసం బ్రిటిష్ వాస్తుశిల్పి లుటియెన్స్ గీసిన భవనం అది. ఇప్పుడు ప్రధాని విదేశీ అతిథులను కలిసేది అందులోనే. ఆ పక్కనే ఆంధ్రా భవన్ క్యాంటీన్. పప్పు, పొడి, నెయ్యి, పచ్చడి ముందు కూర్చుంటే అత్తయ్య ముఖం విప్పారింది. మధ్యాహ్నం వేళ బారు పొడుగ్గా ఉంటుంది, పిల్లలు ఆకలితో ఉండగా వెళ్లొద్దు, ముందుగానే వెళ్లాలి. తెలంగాణ భవన్‌లో ఆ రోజుల్లో బతుకమ్మ ఆడతారు. ఒక సాయంత్రం అత్తయ్య అక్కడ చేరి పాట అందుకున్నారు. ఢిల్లీలో స్థిరపడిన ఆడపిల్లలు ఆవిడను చాలాసేపు వదల్లేదు.

అక్షరధామ్‌లో ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. విడివిడిగా తిరిగితే మళ్లీ కలిసే చోటు, వేళ ముందే అనుకోవాలి. అత్తయ్య తృప్తిగా చూశారు.

ఇక తీతర్‌పూర్. టాగోర్ గార్డెన్ స్టేషన్ దగ్గరి పాత ఊరు. దసరాకు ముందు అక్కడి రోడ్ల పక్కన రావణుడి బొమ్మలు తయారవుతాయి. మా వరంగల్‌లోనూ ఉర్సు రంగలీల మైదానంలో రావణవధ జరుగుతుంది, పిల్లలు దూరం నుంచి మంటను చూసినవాళ్లే. ఆ రావణుడు ఎలా పుడతాడో వాళ్లకు చూపించాలని నా ఆశ. ఫుట్‌పాత్ మీద తలలు వరుసగా ఎండుతున్నాయి. కొన్నిటికి కళ్లు వేశారు, మీసాలు ఇంకా వేయలేదు. వెదురు బద్దలు వంచి తీగతో కట్టిన పొట్టలు, వాటి మీద బట్ట, బట్ట మీద రంగు కాగితం. ఒక కుర్రవాడు జిగురు బకెట్‌లో చెయ్యి ముంచి, కాగితం ఒక అంచున ఆనించి, అరచేత్తో ఒక్క ఊపున చివరి దాకా నిమిరాడు. ముడత లేదు. బాబు ఇంకా కాగితం అంటించని పొట్టలోకి తల పెట్టి అవతల నిలబడ్డ అక్కను చూసి కేక వేశాడు. ఇన్ని వారాలు చేసింది ఒక్క సాయంత్రం కాలిపోతే బాధగా ఉండదా అని మావారి చేత హిందీలో అడిగించింది పాప. కాలకపోతే వచ్చే ఏడు మాకు పని ఎక్కడిదమ్మా అన్నాడు ఆ కుర్రవాడు, చేతిలో పని ఆపకుండా. అక్కడ టిక్కెట్ లేదు, గైడు లేడు. పని చేసుకునే చోటు కాబట్టి అడ్డం రాకుండా, అడిగి ఫోటో తీసుకోవాలి. ఎర్రకోట మైదానంలో రామ్‌లీల కూడా అప్పుడే ఆడతారు కానీ రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది, బాబు నిద్ర కోసం అది వదులుకున్నాం.

ఆగ్రా వెళ్లలేదు. "ఢిల్లీ దాకా వెళ్లి తాజ్ చూడకుండా వచ్చారా" అని అందరూ అడుగుతున్నారు. పోను రాను ఒక రోజంతా వాహనంలోనే గడుస్తుంది, పిల్లలకు గుర్తుండేది సీటు మాత్రమే. తాజ్‌కు వేరే ప్రయాణం పెట్టుకుంటాం, శుక్రవారం కాకుండా చూసుకుని.

తిండి విషయానికొస్తే, ఇంటి నుంచి అటుకులు, కారప్పొడి, నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్లాం. వీధికొకటి మదర్ డైరీ బూత్ ఉంటుంది, రాత్రి అక్కడ పెరుగు తెచ్చి అటుకుల్లో కలిపితే పొయ్యి అవసరం లేకుండా పిల్లల భోజనం అయిపోతుంది. పగలు ఛోలే భటూరే, పరాఠా ఎంత తిన్నా రాత్రి పొట్టకు ఇది హాయి. నీళ్ల సీసాలు నింపుకునే వెళ్లండి. టోపీలు, పలుచటి నూలు బట్టలు, అందరికీ నడకకు అలవాటైన పాత చెప్పులు సర్దుకోండి.

బడికి సెలవు పెట్టించగలిగితే ఫిబ్రవరి, మార్చి నెలలు దసరా కంటే కూడా మంచివి. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ అప్పుడు జనానికి తెరుస్తారు. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు, వేళను ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే మేలు.